హాజరు పట్టీలో లేని పేర్లు



జూన్ నెల వచ్చిందంటే మోకిల దారిలో పొద్దున్నే రెండు రకాల బండ్లు కనబడతాయి. ఒకటి పసుపు పచ్చని స్కూలు బస్సులు, వ్యాన్లు. టై కట్టుకొని, నిద్ర కళ్ళతో కిటికీకి ఆనుకొని కూర్చున్న మన పిల్లలను అవి ఊరి బయటికి తీసుకుపోతాయి. రెండోది విల్లాల పనులకు కూలీలను చేరవేసే ట్రాలీ ఆటోలు. తల్లి ఒళ్ళో ఒకరు, పార, తట్టల పక్కన ఒకరు కూర్చొని పరాయి ఊరి పిల్లలు వాటిలో మన ఊరికి వస్తారు. ఈ రెండు రకాల బండ్లూ సర్కారు బడిని దాటుకొనే పోతాయి. రెండూ అక్కడ ఆగవు.

ఈసారి మేము రాయదలచింది ఆ ఆగని బండ్ల గురించి. శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో మేము కూడికలకు, పరామర్శలకు వెళ్ళే ఊళ్ళలో ఇదే మాట వింటున్నాం. "బడిలో పిల్లలు తగ్గిపోయిండ్రు అయ్యగారూ" అంటారు. ఫలానా బడి అని పేరు పెట్టి వేలెత్తి చూపడం మా ఉద్దేశం కాదు. వేలెత్తి చూపవలసి వస్తే మొదట మా ఇంటి వైపే చూపాలి. ఆ సంగతికి తర్వాత వస్తాం.

ముందు లెక్క చూద్దాం. కేంద్ర విద్యాశాఖ 2024-25 సంవత్సరానికి ఇచ్చిన లెక్కల్లో, దేశం మొత్తం మీద ఒక్క విద్యార్థి కూడా చేరని బడులు 7,993. వాటిలో 2,245 మన తెలంగాణలోనే ఉన్నాయి. పశ్చిమ బెంగాల్ తర్వాత మనదే రెండో స్థానం. తలుపు ఉంది, నల్లబల్ల ఉంది, గంట ఉంది, పిల్లలు లేరు.

ఇది ఒక్క రోజులో జరిగేది కాదు. ఎలా జరుగుతుందో అర్థం చేసుకోవడం అవసరం. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు ఉండాలి. వినడానికి న్యాయంగానే ఉంది. ఇప్పుడు ఒక బడిలో 64 మంది పిల్లలు ఉన్నారనుకోండి. ముగ్గురు టీచర్లు ఉంటారు. ఒక వీధిలోని నాలుగు కుటుంబాలు మాట్లాడుకొని తమ ఐదుగురు పిల్లలను ప్రైవేటు బడిలో వేశారు. మిగిలింది 59 మంది. సర్దుబాటు పేరుతో ఒక టీచరును వేరే బడికి పంపుతారు. ఇక ఐదు తరగతులకు ఇద్దరే. వారిలో ఒకరు శిక్షణకో, సెలవు మీదో, ఎన్నికల పని మీదో పోతే ఒక్కరే. ఒకే గదిలో ఒకటో తరగతికి అ ఆలు దిద్దించి, వెనక్కి తిరిగి ఐదో తరగతికి భాగహారం చెప్పాలి. అది కిటికీలోంచి చూసిన ఐదో కుటుంబం, "ఇక్కడ చదువు సాగుతలేదు" అని తన బిడ్డను కూడా తీసేస్తుంది. మొదట బయటికి పోయిన ఐదుగురికి ఏమీ కాలేదు. మిగిలిపోయిన 59 మందికి మాత్రం ఒక టీచరు పోయాడు.

దీన్ని ప్రియులు గమనించాలి. మనం మన బిడ్డ మంచి కోసమే నిర్ణయం తీసుకుంటాం. అందులో తప్పు లేదు. కానీ ఆ నిర్ణయానికి మూల్యం చెల్లించేది మనం కాదు, ఎక్కడికీ పోలేని పక్కింటి పేదవాడి బిడ్డ.

మరి తల్లులు ఎందుకు తీసేస్తున్నారు? మా కూడికకు వచ్చే ఒక అక్కను అడిగాం. ఆమె విల్లాల్లో ఇంటిపనికి పోతుంది. నెల జీతంలో చాలా భాగం ఇద్దరు పిల్లల ఫీజుకూ వ్యాన్ కిరాయికీ పోతుంది. ఆమె అన్న మాట ఇది: "అయ్యగారూ, వ్యాన్ మా ఇంటి ముందట ఆగుతది. సర్కారు బడి సారు మా ఇంటికి ఎన్నడన్న వచ్చిండా? నా బిడ్డకు ఇంగ్లీషు రావాలె. నా లెక్క అంట్లు తోమవద్దు."

ఆ తల్లిని తప్పు పట్టే నోరు మాకు లేదు. ఆమె రోజూ ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళలో పని చేస్తుంది. ఆ ఇంటి పిల్లలకూ తన పిల్లలకూ మధ్య గోడ ఎంత ఎత్తు ఉందో ఆమెకు తెలిసినంతగా ఏ విద్యాశాఖకూ తెలియదు. 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ మోకిలలో ప్లాట్లు వేలం వేస్తే గజం ధర లక్ష రూపాయలు దాటింది. క్యారెట్, టమాటా పండిన నేల మీద గేటెడ్ కాలనీలు లేచాయి. ఊరి చుట్టుపక్కల అంతర్జాతీయ పాఠశాలలు వచ్చాయి. వాటి ఫీజు మన కూలి కుటుంబం ఏడాది సంపాదన కంటే ఎక్కువ. ఆ గేటు చూసిన కళ్ళకు ఊరి బడి చిన్నగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. అక్కడికి పోలేనివారు, కనీసం టై ఉన్న బడికైనా పంపాలనుకుంటారు.

ఇంకొక కారణం ఉంది, దాని గురించి ఎవరూ ఎక్కువగా మాట్లాడరు. ప్రైవేటు బడి పిల్లవాణ్ణి మూడేళ్ళకో మూడున్నరేళ్ళకో నర్సరీలో చేర్చుకుంటుంది. సర్కారు బడి ఎక్కువ చోట్ల ఒకటో తరగతితోనే మొదలవుతుంది. అంతవరకు అంగన్‌వాడీ ఉంది గాని, దాన్ని మన జనం గుడ్లు, బాలామృతం ఇచ్చే చోటుగానే చూస్తారు, చదువు మొదలయ్యే చోటుగా చూడరు. సర్కారు బడి తలుపు తెరిచేసరికి ఆ బిడ్డ రెండేళ్ళుగా వ్యాన్ ఎక్కుతూనే ఉన్నాడు. అక్కడ స్నేహితులు ఉన్నారు, యూనిఫాం ఉంది. ఇంకెందుకు దిగుతాడు? బడిబాట పేరుతో టీచర్లు జూన్‌లో ఇల్లిల్లూ తిరుగుతారు. అప్పటికే ఆలస్యం అయిపోయి ఉంటుంది. ఐదేళ్ళ బిడ్డ కోసం తిరిగేకంటే మూడేళ్ళ బిడ్డ తల్లి దగ్గరికి వెళ్ళాలి. అంగన్‌వాడీ, బడి ఒకే ఆవరణలో, ఒకే మాట మీద నడిచే ఊళ్ళలో పిల్లలు నిలుస్తారు. ఈ మధ్య కొన్ని సర్కారు బడుల్లో ప్రీప్రైమరీ మొదలుపెడుతున్నారు. ప్రతి ఊరూ గట్టిగా అడగవలసిన మొదటి విషయం అదేనని మా అభిప్రాయం.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనలేం. 2022 మార్చిలో 'మన ఊరు - మన బడి' మొదలైంది. 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వరకు ఇంగ్లీషు మీడియం తెచ్చారు. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు ఉచితంగా ఇస్తున్నారు. 2024లో డీఎస్సీ ద్వారా 11,062 పోస్టులకు పరీక్ష జరిగి, అదే ఏడాది అక్టోబరులో నియామక పత్రాలు ఇచ్చారు. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల పేరుతో మహిళా సంఘాల చేతికి మరమ్మతు పనులు ఇచ్చారు. గోడకు రంగు పడింది, కుళాయికి నీళ్ళు వచ్చాయి. మంచిదే. కానీ గోడ పాఠం చెప్పదు.

పాఠం సంగతి చూద్దాం. ప్రథమ్ సంస్థ పల్లెల్లో ఇంటింటికీ తిరిగి చేసే అసర్ సర్వే ఒకటి ఉంది. మూడో తరగతి బిడ్డ చేతిలో రెండో తరగతి స్థాయి పాఠం పెట్టి చదవమంటారు. అంతే, పెద్ద పరీక్ష ఏమీ కాదు. దేశవ్యాప్తంగా సర్కారు బడుల్లోని మూడో తరగతి పిల్లల్లో దాన్ని చదవగలిగినవారు 2022లో 16.3 శాతం. 2024 నాటికి అది 23.4 శాతానికి పెరిగింది. మన రాష్ట్రం ఆ సగటుకు కిందనే ఉంది. వందమందిలో డెబ్బై ఆరుగురికి పైగా చదవలేకపోతున్నారంటే తలదించుకోవలసిందే. అయితే ప్రైవేటు బడుల సంగతి చూసి కూడా మనం గర్వించడానికి లేదు. అక్కడా మూడింట ఒక వంతుకు కాస్త అటూ ఇటూ పిల్లలే చదవగలుగుతున్నారు. ఫీజు కట్టిన తండ్రి, మిగతా రెండు వంతుల్లో తన బిడ్డ లేడని నమ్ముతాడు.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. మేమూ మా పిల్లలను వ్యాన్ ఎక్కించినవాళ్ళమే. పేరు అనవసరం, ఒక ప్రైవేటు బడి. రంగుల బోర్డు చూసి, ఇంగ్లీషు పాట విని మురిసిపోయాం. మా చిన్నది మూడో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం ఇంటి ప్రార్థనలో వాక్యం చదవమని పుస్తకం చేతికిచ్చాం. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని, రెండో వరుసకు వచ్చేసరికి ఏడ్చేసింది. తెలుగు రాలేదు. పోనీ ఇంగ్లీషు కథ ఇస్తే, కంఠతా పట్టిన పేజీ తప్ప మరో పేజీ చదవలేకపోయింది. ప్రోగ్రెస్ కార్డులో మాత్రం అన్నీ ఏ గ్రేడులే. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఏళ్ళ తరబడి ఊరి ప్రజలకు "మీ పొరుగువారిని ప్రేమించండి" అని చెబుతున్న మేము, పొరుగువారి పిల్లలు చదివే బడి లోపల ఎన్నడూ అడుగు పెట్టలేదు. ఆగస్టు 15న జెండా ఎగరేసేటప్పుడు పిలిస్తే పోయి, చాక్లెట్లు పంచి వచ్చాం. అంతే.

మా సంఘంలోని పెద్దల్లో చాలామంది చదువు నేర్చుకున్నది ఎక్కడ? సర్కారు బడిలో, లేదా వాడలో ఉపదేశి గారు కందిలి పెట్టి నడిపిన రాత్రి బడిలో. ఊరి బడిలో వెనక కూర్చోబెట్టిన రోజుల్లో కూడా వాళ్ళ తాతలు పలక పట్టుకొని పోయారు. అలాంటి ఇళ్ళ నుంచి వచ్చిన మనమే, ఇప్పుడు ఆ బడిని "అది వాళ్ళ బడి" అంటున్నాం. ఎవరా వాళ్ళు?

ఈ ప్రాంతానికి ఒక చరిత్ర ఉంది. కొత్తగా వచ్చినవారికి తెలియదు, పాతవారు మరచిపోతున్నారు. 1991లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ శాంతా సిన్హా ఆధ్వర్యంలో ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పని మొదలుపెట్టింది. వారు మొదట అడుగుపెట్టిన మండలాల్లో మన శంకర్‌పల్లి ఒకటి. అప్పట్లో పటేళ్ళ ఇళ్ళలో జీతం ఉన్న పిల్లలు, పశువులు కాసే పిల్లలు, తమ్ముణ్ణి ఎత్తుకొని ఇంటి దగ్గర ఉండిపోయిన ఆడపిల్లలు ఎందరో. పేదవాడికి చదువు అక్కర లేదు, వాడి బిడ్డ కూలి లేకపోతే ఇల్లు గడవదు అని అధికారులు, మేధావులు అందరూ అనేవారు. ఈ సంస్థ కార్యకర్తలు గడపగడపకూ పోయి అడిగితే, తల్లిదండ్రులు ఆ మాట అబద్ధమని నిరూపించారు. "పంపిస్తం, కానీ బడిలో సరిగ్గ చూసుకుంటరా?" అని మాత్రమే అడిగారు.

వయసు మీరిన పిల్లలను కొన్ని నెలలు శిబిరంలో ఉంచి చదువు నేర్పి, వయసుకు తగిన తరగతిలో చేర్చారు. టీచరు చాలని చోట ఊరివాళ్ళే తలా కొంత వేసుకొని చదువుకున్న కుర్రవాణ్ణి పెట్టుకున్నారు. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్న మాట ఇక్కడినుంచే దేశమంతా పాకింది. అన్నిటికంటే గొప్ప సంగతి, సర్కారు టీచర్లే బాల కార్మిక విమోచన వేదిక అని సంఘం పెట్టుకొని, పటేళ్ళ ఇళ్ళకు పోయి పిల్లలను విడిపించి తెచ్చారు. శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. తర్వాత జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు మొదటి అధ్యక్షురాలు అయ్యారు.

పొలాల్లోంచి, పశువుల కొట్టాల్లోంచి పిల్లలను తెచ్చి బడి నింపిన ప్రాంతం ఇది. ముప్పై ఏళ్ళు తిరిగేసరికి అదే ప్రాంతంలో బడులు పలచబడుతున్నాయి. అప్పుడు బడి నిండడానికి కారణం ఊరు బడి గురించి మాట్లాడటమే. పిల్లవాడు రాకపోతే అది ఊరి సమస్య. ఇప్పుడు బడికి రాని పిల్లవాడు ఎవరి సమస్యా కాదు.

అందుకే మొదట చెప్పిన రెండో బండి సంగతికి తిరిగి రావాలి. ఒడిశా నుంచి, బీహార్ నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి, మన పాలమూరు నుంచి వచ్చిన కుటుంబాలు రేకుల గుడిసెల్లో ఉండి ఇళ్ళు కడుతున్నాయి, బట్టీల్లో ఇటుకలు చేస్తున్నాయి. వాళ్ళ పిల్లలు ఇసుక కుప్పల మీద ఆడుకుంటారు. చట్టం ప్రకారం ఆధార్ లేదనో, టీసీ లేదనో, సంవత్సరం మధ్యలో వచ్చారనో ఏ సర్కారు బడీ వాళ్ళను కాదనకూడదు. భాష రాదంటారా? మన జిల్లాలోనే ఇటుక బట్టీల దగ్గర ఒడియా పిల్లలకు ఒడియా పుస్తకాలతో పని స్థలంలోనే బడులు నడిపిన అనుభవం ఉంది. అయితే ఎవరో ఒకరు ఆ గుడిసె దాకా పోవాలి, పేరు అడగాలి.

ఒక్కసారి ఆలోచించండి. ఒక చోట పిల్లలు లేక టీచరు పోస్టు పోతోంది. అర కిలోమీటరు దూరంలో బడి లేక పిల్లలు మట్టిలో ఆడుకుంటున్నారు. ఈ రెంటినీ కలిపే మనిషి ఊరిలో లేడు.

"సర్కారు టీచర్లే తమ పిల్లలను ప్రైవేటుకు పంపుతారు కదా, మేమెందుకు పంపాలి?" అని అడిగేవారు ఉన్నారు. న్యాయమైన ప్రశ్న. 2015లో అలహాబాద్ హైకోర్టు ఇదే ప్రశ్న వేసి, ప్రభుత్వ జీతం తీసుకునేవారి పిల్లలు ప్రభుత్వ బడిలోనే చదివేలా చూడమని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. అధికారి బిడ్డ కూర్చున్న గదికి కప్పు కారదు అన్నది అందరికీ తెలిసిన సత్యమే. కానీ ఆ ప్రశ్న అడిగి ఇంటికి పోయి పడుకుంటే, అది మన బాధ్యత నుంచి తప్పించుకునే దారి మాత్రమే అవుతుంది. సార్లలో పని దొంగలు ఉన్నారు. అంతకంటే ఎక్కువమంది, ఎవరూ అడగకపోయినా, ఎవరూ మెచ్చుకోకపోయినా, సొంత డబ్బుతో చార్టులు కొని పాఠం చెప్పేవారు ఉన్నారు. పని దొంగను నిలదీయడానికైనా, మంచి టీచరును నిలబెట్టుకోవడానికైనా ఊరు బడి లోపలికి పోవాలి. బయట నిలబడి తిడితే రెండూ జరగవు.

అందరూ రేపే పిల్లలను ప్రైవేటు బడి నుంచి తీసేయాలని మేము చెప్పడం లేదు. అలా చెప్పే అర్హత మాకు లేదు. మా చిన్నదాన్ని మాత్రం రెండేళ్ళ కిందట ఊరి బడికి మార్చాం. సులువుగా జరగలేదు. బంధువులు "అయ్యగారికి డబ్బులకు ఇబ్బంది అయినట్టుంది" అన్నారు. మొదటి నెల అది ఏడ్చింది. ఒక సారు సెలవులో ఉన్నప్పుడు మాకూ కోపం వచ్చింది. కానీ ఇప్పుడు అది తెలుగు చదువుతుంది, ఇంగ్లీషూ చదువుతుంది, పక్కన కూర్చునే కూలివాళ్ళ అమ్మాయికి ఎక్కాలు చెబుతుంది. మాకు జరిగిన మేలు ఇంకొకటి. తల్లిదండ్రుల సమావేశంలో మాట్లాడే హక్కు వచ్చింది. బయటివాడు అడిగితే ఫిర్యాదు, తండ్రి అడిగితే బాధ్యత.

బిడ్డను మార్చలేనివారు కూడా చేయగలిగినవి ఉన్నాయి. వారానికి ఒక సాయంత్రం, చదవడం రాని ఇద్దరు మూడో తరగతి పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని కథ చదివించండి. మన మందిరాల్లో ఆదివారం తప్ప మిగిలిన రోజుల్లో చాపలు చుట్టి మూల పెట్టే ఉంటాయి, వాటిని పరవండి. ఏ మతం బిడ్డ అయినా, ఏ వాడ బిడ్డ అయినా రానివ్వండి, ప్రసంగం చేయకండి, చదువు మాత్రం చెప్పండి. గేటెడ్ కాలనీల్లో ఉండే ప్రియులారా, మీ ఇల్లు కట్టిన మేస్త్రీ పిల్లలు ఎక్కడ చదువుతున్నారో ఒక్కసారి అడగండి. మీలో విశ్రాంత ఉద్యోగులు ఉన్నారు, ఇంజనీర్లు ఉన్నారు. ఊరి బడికి డబ్బు కంటే మీ రెండు గంటలు ఎక్కువ అవసరం. సర్పంచులను, వార్డు సభ్యులను సీసీ రోడ్డు గురించి అడిగినట్టే, బడిలో ఎంతమంది టీచర్లు ఉన్నారని కూడా అడగండి.

ఒక బడి మూతపడితే తిరిగి తెరవడం కష్టం. గజం లక్ష పలికే చోట ఖాళీ స్థలం ఎక్కువ కాలం ఖాళీగా ఉండదు. ఊరి తాతలు ఇచ్చిన నేల, ఊరి పిల్లల పేరు మీద ఉన్న నేల అది. దాన్ని కాపాడేది ప్రహరీ గోడ కాదు, పొద్దున్న తొమ్మిదింటికి లోపల నిలబడి ప్రార్థన చేసే పిల్లలే.

తొంభై తొమ్మిది గొర్రెలు మందలో ఉండగా ఒక్కటి తక్కువైందని కాపరికి ఎలా తెలిసింది? లెక్కపెట్టాడు కాబట్టి తెలిసింది. మనం లెక్కపెట్టడం మానేశాం. కాబట్టి ఈ జూన్‌లో మా సంఘ యవ్వనస్థులం, పెద్దలం కలిసి ఒక చిన్న పని పెట్టుకున్నాం. నోటు పుస్తకం పట్టుకొని ప్రతి వీధికీ, ప్రతి సైటు దగ్గర గుడిసెల దగ్గరికీ పోతాం. మూడేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ మధ్య ఉన్న ప్రతి బిడ్డ పేరు రాస్తాం. ఏ బడికి పోతున్నారో రాస్తాం. ఎక్కడికీ పోనివారి పేర్లు ప్రధానోపాధ్యాయుల చేతికి ఇస్తాం. మరుసటి నెల పోయి ఆ పేర్లు హాజరు పట్టీలో ఉన్నాయో లేదో చూస్తాం.

మీ ఊళ్ళో కూడా ఈ పని ఎవరైనా మొదలుపెడితే మాకు తెలియజేయండి. పేర్లు రాసుకోవడానికి ఒక పుస్తకం, ఒక కలం చాలు. పట్టీలో పేరు పిలిచినప్పుడు "ప్రెజెంట్ సార్" అనే గొంతు ఒక్కటి పెరిగినా, ఈ వ్యాసం రాసినందుకు మాకు సంతోషమే.